కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మానేసి హోమియో మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: తెనాలి ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్ల కిందట రెండు చేతుల వేళ్ల కణుపులూ మణికట్లూ వాచిపోయి, పొద్దున్నే లేచాక గంటకు పైగా పిడికిలి బిగించలేని స్థితి వచ్చింది. గుంటూరులో రుమటాలజిస్టు పరీక్షలు చేయించి, రుమటాయిడ్ కీళ్లవాతమని తేల్చారు. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం, వాటితోపాటు హైడ్రాక్సీక్లోరోక్విన్ రాశారు. నాలుగు నెలలు తిరిగేసరికి వాపులు తగ్గాయి. ఇప్పుడు తన జడ తానే వేసుకుంటోంది, కూర్చుని మాల కట్టుకోగలుగుతోంది.

అయితే ఆదివారం రాత్రి మాత్ర వేసుకుంటే సోమవారమంతా వికారంగా ఉంటుంది, నోటికి ఏదీ సయించదు. ఎలాగూ తినలేకపోతున్నాను కదా అని సోమవారాలు ఉపవాసం ఉండడం మొదలుపెట్టింది. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పనే లేదు. ఇంతలో మా మేనమామ ఆ మందు క్యాన్సర్‌కు వాడేదని ఎక్కడో చదివి, ఇంగ్లీషు మందులు కాలేయాన్ని పాడు చేస్తాయని భయపెట్టి, తనకు తెలిసిన హోమియో డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లారు. ఆవిడ అమ్మతో గంటన్నర మాట్లాడారట. నిద్ర ఎలా పడుతుంది, దేనికి భయం, చలికి నొప్పి పెరుగుతుందా, నాన్నగారు పోయాక ఎలా నెట్టుకొచ్చారు అని అన్నీ అడిగారట. ఇన్నేళ్లలో ఎవరూ తనను ఇలా అడగలేదని ఇంటికి వచ్చి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ రస్‌టాక్స్ 200 అనే హోమియో గుళికలు ఇచ్చి, ఇంగ్లీషు మందులు ఆపితేనే తన మందు పని చేస్తుందని చెప్పారు. అమ్మ ఆపడానికి సిద్ధంగా ఉంది. నాకు ధైర్యం చాలడం లేదు. మీలో ఈ దారి నడిచినవారు, ఈ విషయం తెలిసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం: రిటైర్డ్ సివిల్ సర్జన్

అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. మెథోట్రెక్సేట్ మాన్పించవద్దు.

ఈ జబ్బులో నొప్పి వేరు, కీలు లోపల జరిగే నష్టం వేరు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేయడంతో, ఆ పొర ఉబ్బి, ముందు మృదులాస్థినీ ఆ తర్వాత ఎముకనూ తినేస్తూ పోతుంది. జబ్బు మొదలైన తొలి సంవత్సరాల్లోనే ఇది చురుకుగా సాగుతుంది. ఒకసారి తరిగిపోయిన ఎముక మునుపటిలా పూడుకోవడం చాలా అరుదు. నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయి గానీ ఈ తరుగుదలను ఆపలేవు. మెథోట్రెక్సేట్ ఆపగలుగుతుంది లేదా బాగా నెమ్మదింపజేస్తుంది, అందుకే ఇన్ని కొత్త మందులు వచ్చినా చాలామంది రోగులకు వైద్యం దానితోనే మొదలవుతుంది. మీ అమ్మగారు ఈరోజు మాల కట్టగలుగుతున్నారంటే సరైన సమయంలో మందు పడడమే దానికి ప్రధాన కారణమని నేను అనుకుంటున్నాను.

మీ మేనమామ గారు చదివింది అబద్ధమేమీ కాదు. ఆ మందును క్యాన్సర్‌కు వాడతారు, కాని ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో వాడతారు. కీళ్లవాతానికి ఇచ్చేది సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల వరకే. కాలేయం మీద దాని ప్రభావం ఉండే అవకాశం ఉన్నమాట నిజమే. కొన్ని నెలలకొకసారి రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించమనేది అందుకే. ఈ మందు చేసే కీడు ఏమిటో మాకు తెలుసు, దాన్ని ఎక్కడ వెతకాలో తెలుసు, ముదరక ముందే పసిగట్టే పరీక్ష చేతిలో ఉంది.

ఇంకొక్క మాట చాలా ముఖ్యం. ఈ మందు ఆపిన మర్నాడే దాని ప్రభావం పోదు, కొన్ని వారాలు నిలుస్తుంది. ఆ వారాల్లో వికారం ఉండదు, కీళ్లూ బాగానే ఉంటాయి. ఇదంతా గుళికల మహిమే అని ఇంట్లో అందరికీ నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత వాపు తిరగబెడితే, అది లోపలి జబ్బు బయటపడడమే, ఓపిక పట్టండి అంటారు. అలా ఓపిక పట్టి పట్టి, వేళ్లు పక్కకు ఒరిగిపోయాక ఆసుపత్రికి వచ్చిన ఆడవాళ్లను నా ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను. అందులో ఏ ఒక్కరి చేతినీ నేను తిరిగి సరిచేయలేకపోయాను. పైగా ఈ జబ్బు దానంతట అదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. మనం కొత్త వైద్యుణ్ణి వెతుక్కునేది బాధ పతాకస్థాయిలో ఉన్నప్పుడు కాబట్టి, ఆ తర్వాత సహజంగా వచ్చే తగ్గుదల కూడా ఆ కొత్త మందు ఖాతాలోనే పడుతుంది.

ఇక వికారానికి దారులు చాలా ఉన్నాయి. వారపు మోతాదును అదే రోజున రెండు విడతలుగా వేసుకోమనవచ్చు, ఫోలిక్ ఆమ్లం పెంచవచ్చు, మాత్రకు బదులు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇవ్వవచ్చు. ఏది చేయాలన్నా మీ డాక్టరు గారు నిర్ణయించాలి, కాని ఆయన నిర్ణయించాలంటే సోమవారం ఉపవాసాల సంగతి ముందు ఆయనకు తెలియాలి కదా.

సమాధానం: గుళికల పెట్టె

నేను గుడివాడలోని గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలలో చదువుకున్నాను. పైన పెద్దాయన చెప్పిన సలహాతో ఏకీభవిస్తున్నాను. నాకు తెలిసిన మంచి హోమియో వైద్యులెవరూ కీళ్లవాతం రోగి చేత మెథోట్రెక్సేట్ మాన్పించరు. ఆపితేనే నా మందు పని చేస్తుంది అనే మాట విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దాని పర్యవసానం మా అందరి మీదా పడుతుంది.

అయితే మీ అమ్మగారి కళ్లనీళ్లను తేలిగ్గా తీసుకోవద్దని కూడా కోరుతున్నాను. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సరిగ్గా ఈ జబ్బు మీదే ఒక ప్రయోగం చేసి 2011లో ప్రచురించారు. మామూలు మందులు వాడుతూనే ఉన్న 83 మంది కీళ్లవాత రోగులను తీసుకుని, కొందరికి హోమియో వైద్యుడితో సుదీర్ఘ సంభాషణ ఏర్పాటు చేసి గుళికలు ఇచ్చారు, మరికొందరికి అది లేకుండా గుళికలు మాత్రమే ఇచ్చారు. ఆ గుళికల్లో అసలు హోమియో మందు ఎవరికి పడిందో, ఉత్త గుళికలు ఎవరికి పడ్డాయో రోగులకు తెలియనివ్వలేదు. చివరికి తేలిందేమిటంటే, సంభాషణ జరిగినవారికి కొంత మేలు కనిపించింది, గుళికలో మందు ఉండడం లేకపోవడం వల్ల మాత్రం తేడా కనిపించలేదు. మొదటిసారి చదివినప్పుడు దాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. రోగి చెప్పేది కూర్చుని వినడం మా చదువులో మేము నేర్చుకున్న గొప్ప విద్య అని ఇప్పుడు అనుకుంటున్నాను. వంద మంది బయట వరుసలో ఉన్న డాక్టరుకు ఆ వ్యవధి లేకపోవడం ఆయన తప్పు కాకపోవచ్చు, కాని అది రోగికి నష్టమే.

రస్‌టాక్స్ ఎందుకిచ్చారో కూడా చెబుతాను. కదలడం మొదలుపెట్టగానే నొప్పి ఎక్కువగా ఉండి, కదిలే కొద్దీ తేలికపడే లక్షణానికి మా పుస్తకాల్లో అదే మందు. కాని పొద్దుటి బిగుతు, కదలగా కదలగా సడలడం రుమటాయిడ్ రోగులు చాలామందిలో ఉండే లక్షణమే. ఆ లక్షణం తేలికపడినంత మాత్రాన కీలు లోపల ఏం జరుగుతోందో నేను వేళ్లతో పట్టి చెప్పలేను. దానికి రక్తపరీక్ష కావాలి, ఎక్స్‌రే కావాలి.

సమాధానం: పంటకాలువ

నేను రసాయనశాస్త్రం బోధించినవాణ్ణి. 200 అనే అంకె గురించి కొంచెం చెప్పాలి. మూలద్రవ్యం ఒక చుక్కను 99 చుక్కల ద్రావకంలో కలిపి కుదిపితే ఒక మెట్టు, అందులోంచి ఒక చుక్కను తీసి మళ్లీ 99 చుక్కల్లో కలిపితే రెండో మెట్టు. పన్నెండో మెట్టు దగ్గరే పలుచన 1 పక్కన 24 సున్నాలకు చేరుతుంది. మోల్ అనేది పదార్థాన్ని కొలిచే ప్రమాణం. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువులు సుమారు 6 పక్కన 23 సున్నాలే కాబట్టి, అక్కడి నుంచి మూలద్రవ్యం అణువు ఒక్కటి మిగిలినా విశేషమే. 200వ మెట్టులో ఆ సంఖ్య 1 పక్కన 400 సున్నాలు. హోమియో వైద్యాన్ని మొదలుపెట్టిన హానిమన్ తన ‘ఆర్గనాన్’ గ్రంథాన్ని ప్రచురించిన 1810 నాటికి ఒక మోల్‌లో ఎన్ని అణువులుంటాయో ఎవరికీ తెలియదు. ఆనాటి వైద్యులు రక్తం కారుస్తూ, పాదరసం తాగిస్తూ ఉండేవారు కనుక, ఏ హానీ చేయని గుళిక ఆ రోజుల్లో రోగికి మేలే చేసి ఉంటుంది. మనకు ఇప్పుడు ఆ వంక లేదు.

ప్రభుత్వం గుర్తించింది, కళాశాలలు నడుపుతోంది, పని చేయకపోతే ఎందుకు నడుపుతుంది అని అడిగేవారు ఉంటారు. గుర్తింపు అనేది ఎవరు వైద్యం చేయవచ్చో చెబుతుంది, ఏ మందు పని చేస్తుందో దాన్నిబట్టి తేలదు. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 61 రకాల ఆరోగ్య సమస్యలకు సంబంధించిన అధ్యయనాలను పరిశీలించి, హోమియో పని చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఒక్కదానికీ లేదని 2015లో ప్రకటించింది. ఫ్రాన్సు 2021 నుంచి హోమియో మందులకు ప్రభుత్వ బీమా సొమ్ము ఇవ్వడం మానేసింది.

దీన్నిబట్టి మన నాటుమందులూ ఆయుర్వేదమూ అన్నీ బూటకమని నేను అనడం లేదు, ఎవరైనా అలా అంటే ఒప్పుకోను కూడా. ఆకులో, వేరులో అణువులున్నాయి. వాటిని పరీక్షించవచ్చు. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ 1949లో రోగుల లెక్కలతో చూపించాకే ప్రపంచం దాన్ని అందుకుంది. చైనా పాత వైద్యగ్రంథం ఇచ్చిన ఆనవాలుతో మలేరియా మందును వెలికి తీసిన తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ అమ్మగారి జబ్బుకే కోయంబత్తూరులో ఆయుర్వేదాన్నీ మెథోట్రెక్సేట్‌నూ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది ఇస్తున్నారో దాచి, 43 మంది మీద పరీక్షించి 2011లో ప్రచురించారు. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు గాని, అంత కొద్దిమందితో రెండూ సమానమని తేల్చలేము. పెద్ద ప్రయోగం జరగాలి. అయినా పరీక్షకు నిలబడిన ఆ వైద్యుల పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది.

ఇక మీ అమ్మగారికి తప్పక చెప్పవలసిన కథ ఒకటుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వస్తే, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ తర్వాత మద్రాసులో ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, అక్కడి నుంచి అమెరికా వెళ్లారు. లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది, అది స్ప్రూ రోగులకు ప్రాణం పోసింది. ఆ ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే మందుల్ని కూడా ఆ బృందమే తయారు చేసింది. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. మీ అమ్మగారు ఆదివారం వేసుకునే మాత్రా, మిగతా రోజుల్లో వేసుకునే మాత్రా రెండూ ఒక తెలుగువాడి ప్రయోగశాలలో రూపు దిద్దుకున్నవే. తనకు ప్రాణదానం చేసిన ఆయుర్వేదాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు, అలాగని అక్కడితో ఆగిపోనూ లేదు.

సమాధానం: ఏలూరు నుంచి ఒక కొడుకు

మా నాన్నగారి మోకాళ్లకు ఒకచోట మూలికా చూర్ణమని పొట్లాలు ఇచ్చేవారు. మూడో రోజుకే నొప్పి మాయమైంది. ఊరందరికీ చెప్పుకున్నాం. ఆరు నెలలకు ముఖం ఉబ్బింది, ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. పొట్లాలు ఒక్కసారిగా ఆపేసరికి రక్తపోటు పడిపోయి స్పృహ తప్పారు. ఆసుపత్రిలో అవి స్టెరాయిడ్ కలిపినవై ఉంటాయని చెప్పారు. మీరు ఎక్కడికి వెళ్లినా సరే, పేరూ మోతాదూ రాయని పొట్లాన్ని మాత్రం ఇంటికి తేవద్దు. ఇప్పటికే ఎవరైనా వాడుతుంటే, డాక్టరుకు చూపించకుండా అకస్మాత్తుగా ఆపవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు: తెనాలి ఆడపడుచు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. సుబ్బారావు గారి కథ అమ్మకు చదివి వినిపించాను. మాత్రల పెట్టె తెప్పించుకుని రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. నిన్న మామయ్యను కూడా వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లాం. సోమవారం ఉపవాసాల సంగతి చెబితే, ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరు గారు నొచ్చుకున్నారు. వచ్చే వారం నుంచి ఇంజెక్షన్‌కు మార్చారు. చేతుల ఎక్స్‌రేలో కొత్త నష్టమేమీ లేదన్నారు. హోమియో డాక్టరు గారి దగ్గరకు నెలకొకసారి వెళ్లి మాట్లాడతానని అమ్మ అంటోంది. మెథోట్రెక్సేట్ ఆపేది లేదని ఆవిడకు నేనే చెబుతాను, దానికి ఒప్పుకుంటే అమ్మను పంపడానికి నాకు అభ్యంతరం లేదు.

సమాధానం: రిటైర్డ్ సివిల్ సర్జన్

చాలా సంతోషం తల్లీ. రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఈ మందు వారానికి ఒక్కరోజే, పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం పోగొట్టుకున్నవారున్నారు కాబట్టి, చీటీ మీదా గోడ క్యాలెండరు మీదా ఆ రోజు పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. జ్వరానికో మూత్రంలో మంటకో వేరే డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతున్నట్టు తప్పక చెప్పండి. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ దానితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు.