అప్‌డేట్: పెరట్లో టెలిస్కోప్ షెడ్డు పూర్తయింది

అనంతపురంలో మా పెరట్లో టెలిస్కోప్‌కి గుమ్మటం కట్టాలా, జరిగే రేకుల కప్పు పెట్టాలా అని అడిగాను కదా. జరిగే కప్పే పెట్టించాను. గేటు చక్రాల మీద ఒంటిచేత్తో తోస్తే కదులుతోంది. గాలికి లేవకుండా కొక్కేలు కూడా ఉన్నాయి.

మీరన్నట్టే టెలిస్కోప్‌ని నిలబెట్టే దిమ్మెను గచ్చుకు తగలకుండా విడిగా పోయించాను. ‘ఈ సందెందుకు సార్, కలిపేద్దాం’ అంటూ మేస్త్రీ ఒకటే గొడవ! ఇప్పుడు పక్కన నడిచినా శనిగ్రహం వణకట్లేదు.

తప్పు మాత్రం నాదే. ఇక్కడ ధ్రువనక్షత్రం దాదాపు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరపు గోడ ఆరడుగులు లేపేసరికి అది కాస్తా మాయం. మౌంటు (టెలిస్కోప్‌ని మోస్తూ తిప్పే భాగం) సరైన దిశలో అమర్చడానికి అదే ఆధారం మరి! మూడు వరసల ఇటుకలు పీకించాను. ఎండాకాలంలో రేకుల వేడి దిగాలంటే గంట ముందే కప్పు తీయాల్సి వస్తోంది.