పొద్దుగాల ఆటలు గూడ రేటింగ్‌ల ఎక్కియ్యాల్నా?

కాజీపేట కిచెన్: సుబేదారి దిక్కు మా పికిల్‌బాల్ బ్యాచ్‌ల వారం సంది ఇదే లొల్లి. పొద్దుగాల ఆడే స్కోర్లు, ఆటగాళ్లకు రేటింగ్ నంబరిచ్చే డూపర్ యాప్‌ల ఎక్కియ్యాల్నా, వద్దా? నిన్న నేను, మా జోడీ 11–9 గెలిచినం. ఇంటికొచ్చి చూస్తే నా నంబరు 3.412 నుంచి 3.389కి దిగింది. గెలిచినోనికే జరిమానానా?

డింకుల వీరుడు: అన్నా, అండ్ల తప్పేం లేదు. ఎదుటోళ్ల రేటింగ్ మీకన్న తక్కువ గద? మీరు ఇంకా అల్కగ గెలుస్తరని అది లెక్కేసుకున్నది. మీరు 9 పాయింట్లు ఇచ్చిండ్రు, కోసింది. గట్లనే పెద్ద ఆటగాళ్ల మీద 8–11 ఓడి పెరిగినోళ్లు ఉన్నరు. అప్పుడెవ్వలూ లొల్లి పెట్టరు! 2 నుంచి 8 దాకా ఉన్న లెక్కల 0.023 పోతే నిద్ర పడ్తలేదా?

కాజీపేట కిచెన్: పడ్తలేదు తమ్మీ, దాపుడెందుకు. గని అసలు బాధ అది కాదు. మా దగ్గరికి రైల్వేల రిటైరైన పెద్దమనిషి వస్తడు. ఎనకకు ఉరుకలేడు. గని నెట్ దగ్గరుండే గీత, గదే కిచెన్ లైన్ కాడ నిలబడి బాల్‌ను నెట్ మీదికెళ్లి జారవిడిస్తే లేపుడు కష్టం. ఇదివరకు ఆయన జోడీకి పోటీ పడేది. ఇప్పుడు నంబరు పోతదని, ఆయన రాంగనే అందరి షూ లేసులు ఊడ్తున్నయ్. వంగి కట్టుకుంటరు, తలెత్తరు. పోయిన ఆదివారం మూడు ఆటలు బెంచీ మీదనే కూసున్నడు, ప్యాడిల్ ఒళ్లె పెట్టుకొని.

ఓరుగల్లు 2.9: అన్నా, నాకైతే యాప్ మేలే చేసింది. మేం బ్యాడ్మింటన్ కోర్టుల ఆడ్తం, డబుల్స్ కొలత ఒక్కటే గద, 20×44 అడుగులు. మొదట్ల ఆడామె అని నాకు మెల్లగ కొట్టేటోళ్లు. నంబరు వచ్చినంక సరిజోడీ దొరుకుతున్నది. 2.9 చూసి నాలుగొద్దులు మొఖం మాడ్చుకున్న మాట నిజమే. మా ఆయన తనకు తానే 3.5 ఇచ్చుకున్నడు. యాప్‌ల పేరు ఎక్కియ్యమంటే మాత్రం ఎక్కియ్యడు.

డింకుల వీరుడు: వదినా, అన్నకు భయం 😄 పోనీ టోర్నమెంట్లే ఎక్కిద్దామా అంటే ఆటలు తక్కువైతయ్. యాప్‌ల రిలయబిలిటీ శాతం, అంటే నంబరును ఎంత నమ్మొచ్చో చెప్పేది, పెరగది, ఒక్క చెడ్డ దినం నంబరును ముంచుతది.

కాజీపేట కిచెన్: అయితే బుధవారం ఒక్కనాడు ఎక్కిద్దాం. మిగిలిన దినాలు ఫోన్లు బండి డిక్కీల. రేపు మొదటి ఆట పెద్దమనిషి జోడీ నేనే. ఎదురెవరు?

డింకుల వీరుడు: నేనొస్త. లేసులు లేని చెప్పులేసుకొని.