రష్యన్‌లో గ్ద్యే, కుదా... రెండూ "ఎక్కడ" యేనా?

చలిపులి:
కజాన్‌లో ఎంబీబీఎస్‌కి ముందు భాష కోర్సు చేస్తున్నా, వచ్చి రెండు నెలలైంది. అక్షరాలు, అంకెలు ఎలాగో గట్టెక్కాయి కానీ ఈ "ఎక్కడ" మాటల దగ్గర బండి ఆగిపోయింది. మా పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అందులో గ్ద్యేకీ కుదాకీ ఒకటే అర్థం, జ్ద్యేస్‌కీ స్యుదాకీ కూడా అంతే. ఆసుపత్రి ఒకచోట "వ్ బల్నీత్సు", ఇంకోచోట "వ్ బల్నీత్సే". నిన్న మేడమ్ ఫోన్ చేసి గ్ద్యే అని ఏదో అడిగితే "దమోయ్" అన్నా, ఆవిడ ఒకటే నవ్వు. ఏం తప్పు మాట్లాడానో చెప్పండి.

పాతకాపు:
తమ్ముడూ, ముందు ఇంగ్లీషు పక్కన పెట్టు. గ్ద్యే ఎక్కడ, కుదా ఎక్కడికి, అత్కూద ఎక్కణ్ణుంచి. జ్ద్యేస్, స్యుదా, అత్స్యూద: ఇక్కడ, ఇక్కడికి, ఇక్కణ్ణుంచి. తామ్, తుదా, అత్తూద కూడా అదే వరస. ఎక్కడున్నావంటే నువ్వు "ఇంటికి" అన్నావు, అందుకే నవ్వు. ఇంట్లో అనాలంటే "దోమ" (అవును, పలకడానికి మన దోమే, నేనలాగే గుర్తుపెట్టుకున్నా). బల్నీత్సు అంటే ఆసుపత్రికి, బల్నీత్సే అంటే ఆసుపత్రిలో. ముందున్న "వ్" కదలదు, మాట చివరే మారుతుంది.

మంచుబూట్లు:
అన్న చెప్పింది నిజమే కానీ అంతటితో అయిపోదు. మనం వంటింట్లో అంటాం, వాళ్ళు "నా కూహ్నే" అంటారు, వంటింటి మీద అన్నట్టు. పోస్టాఫీసు, రైల్వే స్టేషన్, ఫ్యాక్టరీ కూడా ఈ "నా" బాపతే, ఎందుకని అడక్కుండా బట్టీ పట్టడమే. ఒక్కటి మాత్రం కలిసొస్తుంది: "వ్"తో వెళ్తే "ఇజ్"తో తిరిగి రావాలి, "నా"తో వెళ్తే "స్"తో. మందుల షాపు నుంచి ఇజ్ అప్తేకి, స్టేషన్ నుంచి స్ వగ్జాలా. మనుషులైతే వేరే, క్ వ్రచూ డాక్టర్ దగ్గరికి, ఉ వ్రచా డాక్టర్ దగ్గర, అత్ వ్రచా డాక్టర్ దగ్గర్నుంచి. ఎయిర్‌పోర్ట్‌తో జాగ్రత్త, వెళ్ళేటప్పుడు "వ్ అయిరపోర్త్", అక్కడ ఉంటే "వ్ అయిరపర్తూ". చివర ఉకారం చూసి బల్నీత్సులాగే అనుకుని నేను చాన్నాళ్ళు తిరగేసి వాడాను.

చలిపులి:
ఆగండాగండి, మా హాస్టల్ తలుపు మీద "అత్ సిబ్యా" అని ఉంటుంది, అంటే "నీ నుంచి అవతలికి", తోయమనా?! రెండు నెలలుగా లాగుతున్నా.

పాతకాపు:
లోపలి నుంచి చూడు, "క్ సిబ్యే" ఉంటుంది. అక్కడ లాగు. ట్యాక్సీలో నప్రావా అంటే కుడికి తిప్పు, స్ప్రావా అంటే కుడివైపున ఉంది. ఇది తప్పితే డబ్బులు పోతాయి.