మెదడువాపు టీకా గురించి డౌట్, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్
వైరాలజీ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త హెల్ప్ చేయండి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కి (అదే, దోమల వల్ల వచ్చే మెదడువాపుకి) ఇప్పుడు వాడే టీకాలన్నీ, ఆ ఎస్‌ఏ 14-14-2 (టీకాల్లో వాడే బలహీనపరిచిన వైరస్) తో సహా, జీనోటైప్ 3 (జన్యువుల తేడాని బట్టి విడదీసిన రకాల్లో ఒకటి) వైరస్ నుంచి చేసినవే కదా, మరి ఈమధ్య ఆసియాలో జీనోటైప్ 1 ఎక్కువైపోయింది, 2022లో ఆస్ట్రేలియాలో వచ్చిందేమో 4, పైగా 5 కూడా అక్కడక్కడా బయటపడుతోంది. పాత టీకా వీటిని ఏమాత్రం ఆపుతుంది?

ఇంకోటి, ట్రయల్స్‌లో యాంటీబాడీ టైటర్ (సీరమ్‌ని ఎంత పలచన చేసినా వైరస్‌ని ఆపగలదో చెప్పే కొలత) 1:10 ఉంటే రక్షణ ఉన్నట్టే లెక్క అంటారు, టెస్ట్‌లో వాడే వైరస్ స్ట్రెయిన్ మారిస్తే ఆ నంబర్ కూడా మారుతుంది కదండీ, మరి ఆ ఒక్కదాన్ని పట్టుకుని కొత్త టీకాకి పర్మిషన్ ఎలా ఇస్తారో నాకైతే అర్థం కావట్లేదు. ఎలుక మెదళ్ళలో వైరస్ పెంచిన రోజుల నుంచి వీరో సెల్స్ (ల్యాబ్‌లో పెంచే కోతి కిడ్నీ కణాలు) దాకా వచ్చాం, అన్ని జీనోటైప్‌లకీ కలిపి ఒకటే టీకా చేయడానికి అడ్డమేంటి?