రాత్రి తనిఖీలు ఆపేసి అంతా కెమెరాలకే వదిలేద్దామా?

గట్టుమీదోడు (తణుకు):
సూటిగా చెబుతాను. మన గోదావరి జిల్లాల్లో రాత్రి తొమ్మిది దాటాక పోలీసులు రోడ్డు మీద నిలబడి బండ్లు ఆపే పద్ధతి మానేయాలి. పగలు ఊళ్లో సెంటర్లో ఆపితే నాకేం అభ్యంతరం లేదు. చీకట్లో హైవే మీద, కాలువ గట్ల మీద మాత్రం వద్దు. ఆపే మనిషి ప్రాణానికే ముప్పు. 80 కిలోమీటర్ల స్పీడులో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, ఎవరో ఆపుతున్నారని అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికే నలభై మీటర్లు గడిచిపోతాయి. బండి నిలబడటానికి ఇంకో నలభై కావాలి. లోడు లారీ అయితే అదీ చాలదు. టార్చిలైటు పట్టుకుని ఒక హోంగార్డు రోడ్డు మధ్యకి వచ్చి చెయ్యి ఊపుతుంటే ఆ దూరం ఎక్కడ దొరుకుతుంది?
ఇప్పుడు కెమెరాలు ఉన్నాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 136ఎ సెక్షన్ తెచ్చిందే ఇందుకు. స్పీడు, హెల్మెట్, సీటు బెల్టు, రాంగ్ రూటు అన్నీ కెమెరా పట్టుకుంటుంది, చలానా ఫోనుకి వస్తుంది. మనిషిని బలిపెట్టడం ఎందుకు?

ఖాకీ ఇల్లు (రాజమండ్రి):
గట్టుమీదోడు గారూ, మా నాన్నగారు ట్రాఫిక్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. నైట్ డ్యూటీ అంటే ఇంట్లో ఎంత టెన్షన్ పడేవాళ్లమో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా మీ మాట ఒప్పుకోను. తాగినవాణ్ని కెమెరా ఎలా పట్టుకుంటుందండీ? 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే అదే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద నేరం. అది తేలాలంటే బండి ఆపాలి, మనిషి చేత ఊదించాలి. వేరే దారి లేదు.
యానాంలో మందు చవకని అటు వెళ్లి, ఎదుర్లంక వంతెన మీదుగా రాత్రికి ఇళ్లకు వచ్చేవాళ్లు ఎంతమందో కోనసీమ వాళ్లకు తెలుసు. భోగి నుంచి కనుమ దాకా కోడిపందేల బరుల దగ్గర్నుంచి వచ్చే బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రాత్రులు కూడా రోడ్డు ఖాళీగా వదిలేయమంటారా?

రొయ్యలచెరువు (భీమవరం):
బరిని ఆపలేనివాళ్లు బరి నుంచి వచ్చేవాణ్ని ఆపుతారన్నమాట. బాగుంది.

ఖాకీ ఇల్లు:
బరి ఆపాలా వద్దా అన్నది కానిస్టేబుల్ చేతిలో ఉండదు సార్. రోడ్డు మీద నిలబడటం మాత్రమే అతని చేతిలో ఉంటుంది.

లారీబాబాయ్ (రావులపాలెం):
ఇద్దరి మాటా విన్నాను. క్యాబిన్‌లోంచి ఎలా కనబడుతుందో నేను చెబుతాను, ఎందుకంటే పోలీసుకి అది తెలియదు, కారు వాళ్లకీ తెలియదు.
రాత్రి ఐదో నెంబరు హైవే మీద (ఇప్పుడు దానికి నెంబర్లు మార్చారులెండి, మాకు ఎప్పటికీ ఐదో నెంబరే) ఎదురు బండ్లు హైబీమ్ కొడుతూనే ఉంటాయి. డిప్పర్ కొట్టినా దించరు. ఆ వెలుగు కళ్లలో పడ్డాక రెండు మూడు క్షణాలు ముందు ఏముందో కనబడదు. సరిగ్గా అప్పుడే ఒక మనిషి రోడ్డు మీదకి వస్తాడు. జాకెట్ వేసుకున్నాడు కదా అంటారు. ఆకుపచ్చ, నారింజ రంగు గుడ్డ పగలు పనికొస్తుంది. రాత్రి మెరిసేది దాని మీద ఉన్న తెల్ల పట్టీ ఒక్కటే, అదీ మన లైటు దాని మీద పడితేనే. ఉతికి ఉతికి ఆ పట్టీ నల్లబడిపోయిన జాకెట్లు ఎన్ని చూశానో. వాన పడుతుంటే మీద రెయిన్‌కోటు తొడుగుతారు, జాకెట్ లోపలికి పోతుంది. ఇక ఏం మెరుస్తుంది?
అసలు మాట ఇప్పుడు చెబుతాను. ఆపేవాళ్లు ఎక్కడ నిలబడతారు? మలుపు తిరిగాక. వంతెన దిగాక. చెట్టు చీకట్లో. డివైడర్ మధ్య ఖాళీలో. దూరం నుంచి కనబడితే బండివాడు వెనక్కి తిప్పుకుని పోతాడని అలా నిలబడతారు. కేసు దొరకాలంటే దాక్కోవాలి, ప్రాణం నిలవాలంటే కనబడాలి. రెండూ ఒకేసారి కుదరవు. మీరు కెమెరా పెట్టాలా మనిషిని పెట్టాలా అని కొట్టుకుంటున్నారు గానీ, ఆ మనిషి దాక్కోవడం మానేస్తే సగం గొడవ ఉండదు.
ఇంకోటి. మమ్మల్ని ఆపమన్నాక ఎక్కడ ఆపాలి? రోడ్డు పక్కన మార్జిన్ లేని చోట తెల్లగీత లోపలే ఆపించి కాగితాలు తెమ్మంటారు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి కొట్టేవాడు మోటారు సైకిలు కుర్రాడు. ఆ కేసు మా మీదే.

డాలస్‌పాలకొల్లు:
ఇక్కడ అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ మూవ్ ఓవర్ చట్టం ఉంది. రోడ్డు పక్కన పోలీసు బండి లైట్లు వెలుగుతూ కనబడితే దాని పక్క లేన్ ఖాళీ చేసి అవతలి లేన్‌లోకి జరగాలి. జరగడం కుదరకపోతే వేగం తగ్గించాలి. మా టెక్సాస్‌లో అయితే లిమిట్ కంటే గంటకు 20 మైళ్లు తగ్గించాలి. అలా చేయకపోతే ఫైన్. ఇలాంటి చట్టం మన దగ్గర తెస్తే పోదా?

గట్టుమీదోడు:
బాబూ, పాలకొల్లు వదిలి ఎంతకాలమైందో గానీ మన రోడ్లు గుర్తున్నాయా? గట్టు రోడ్డుకి ఒక పక్క పంటకాలువ, రెండో పక్క బోదె. అవతలి లేన్ అంటే కాలువే. పైగా కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఉంటుంది, దాని చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి.

డాలస్‌పాలకొల్లు:
వేగం తగ్గించడానికి కాలువ అడ్డం రాదు కదండీ.

వకీలుగుమాస్తా (అమలాపురం):
చట్టం గురించి కొన్ని చెప్పాలి, ఎందుకంటే ఇరువైపులా సగం సగం మాట్లాడుతున్నారు.
యూనిఫాంలో ఉన్న పోలీసు ఆపమంటే ఆపాల్సిందే. ఆపకుండా దూసుకుపోవడం హక్కు అనుకునే కుర్రాళ్లకి ఇది తెలియాలి. పోలీసుని గాయపరిస్తే అది చలానాతో పోయే కేసు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 121, 132 సెక్షన్లు దానికోసమే ఉన్నాయి. 2022 జూలైలో హరియాణాలోని నూహ్ దగ్గర అక్రమ మైనింగ్ తనిఖీకి వెళ్లిన డీఎస్పీని డంపర్‌తో తొక్కించి చంపారు. రాత్రిపూట ఇసుక ర్యాంపుల నుంచి బండ్లు వచ్చే దారుల్లో నిలబడే మన కానిస్టేబుల్‌కి ఆ వార్త దూరంలో జరిగినదిగా అనిపించదు.
రెండో వైపు కూడా చూడండి. బండి తాళం లాక్కోమని, లాఠీ అడ్డం పెట్టమని, వెంటపడి తన్నమని ఏ సెక్షన్లోనూ లేదు. 2018 మార్చిలో తిరుచ్చి దగ్గర హెల్మెట్ లేదని బైకును వెంటాడి ఒక ఇన్‌స్పెక్టర్ తన్నితే వెనక కూర్చున్న మహిళ చనిపోయింది. 2019 నవంబరులో కేరళ హైకోర్టు, హెల్మెట్ లేని ఒక కుర్రాడి బెయిలు కేసులో, నడిరోడ్డు మీదకి ఉరికి బండ్లు ఆపొద్దని, వెంటాడొద్దని, కెమెరాలు వాడుకోమని పోలీసులకు చెప్పింది. కాబట్టి గట్టుమీదోడు గారి వాదనకి బలం లేకపోలేదు.
కానీ ఆయన కెమెరాల మీద పెట్టుకున్న ఆశ ఎక్కువ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో వచ్చిన 167ఎ రూలు చూడండి. ఆ కెమెరాలు ప్రధానంగా జాతీయ, రాష్ట్ర రహదారుల్లో ప్రమాదాలు ఎక్కువ జరిగే చోట్ల, పది లక్షల జనాభా దాటిన నగరాల్లో పెట్టాలని ఉంది. పరికరానికి సర్టిఫికెట్ ఉండాలి, కెమెరా ఉందని బోర్డు పెట్టాలి, పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలి. 2024లో సుప్రీంకోర్టు కూడా ఇది అమలు చేయమని రాష్ట్రాల వెంటపడింది. అన్నీ జరిగినా ముమ్మిడివరం పక్కన గట్టు రోడ్డుకి కెమెరా ఎప్పుడొస్తుంది?

రొయ్యలచెరువు:
వచ్చినా నోటీసు ఎవరికి పోతుంది? మా చెరువుల దగ్గర తిరిగే బండ్లలో సగం సెకండ్‌హ్యాండువి. కాగితాల మీద ఇంకా పాత ఓనరు పేరే. మేత మూటలు మోసేవాడు నడిపితే చలానా ఏలూరులో ఎవడికో పోతుంది. నెంబరు ప్లేటు వంచినవాడికి అదీ రాదు.

క్యాజువాల్టీనైట్ (కాకినాడ):
నేను నర్సుని. ఒక్క మాట చెప్పి డ్యూటీకి పోతాను. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో హెల్మెట్ లేక పోయినవాళ్లే 50,029 మంది. కెమెరా ఫొటో తీస్తుంది, కుర్రాణ్ని ఆపదు. నోటీసు వచ్చేసరికి పదిహేను రోజులు. తాగి బండెక్కినవాడిని ఆ రాత్రే దింపాలి. అది మనిషే చేయాలి.

గట్టుమీదోడు:
సిస్టర్ గారూ, ఆ దింపే మనిషి కూడా మీ వార్డుకే రాకూడదనే నా బాధ.

ఖాకీ ఇల్లు:
లారీబాబాయ్ గారు చెప్పింది నాన్నగారికి చదివి వినిపించాను. దాక్కోవడం గురించి ఆయన కాదనలేదు. కొంచెం నవ్వారు కూడా. కానీ చోటు ఎంచేది హోంగార్డు కాదమ్మా, కేసులు ఇన్ని కావాలని పైనుంచి అడుగుతుంటే కిందవాడు దొరికే చోటే నిలబడతాడు అన్నారు. అందులోనూ హోంగార్డుది రోజువారీ భత్యం. ఇక్కడ నిలబడితే ప్రమాదం సార్ అని ఎస్సైతో అనగలిగే ధైర్యం అతనికి ఎక్కడిది?
ఇంకో విషయం చెప్పారు. మన దగ్గర జీపుని తనిఖీ చోటుకి అవతల పెడతారు, పారిపోయేవాణ్ని వెంటాడటానికి. నిజానికి బండ్లు వచ్చే వైపు, మనుషులకంటే చాలా ముందు, ఆ జీపు దీపాలు తిరుగుతూ ఉండాలి. తూలుతూ వచ్చేవాడు ముందు దాన్ని గుద్దుకుంటాడు, మనుషుల్ని కాదు. జీపులో ఎవరూ కూర్చోకూడదు. ఇది ఆయన ట్రైనింగులో నేర్చుకున్నది కాదట, తోటివాళ్లకి దెబ్బలు తగలడం చూసి నేర్చుకున్నదట.
మహిళా కానిస్టేబుళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే అంటున్నాను. రాత్రంతా హైవే మీద నిలబెడతారు, బాత్రూం ఎక్కడ? టోల్ ప్లాజా దగ్గర ఉంటే అదైనా ఉంటుంది.

వకీలుగుమాస్తా:
మంచి మాట. రోడ్డు పని చేసే కాంట్రాక్టరు ఎలా నడుచుకోవాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పుస్తకం ఉంది, ఎస్‌పీ 55 అంటారు. ముందుగా హెచ్చరిక బోర్డులు, తర్వాత వేగం తగ్గించమనే బోర్డు, ఆపైన కోన్లు ఏటవాలుగా పేర్చి లేన్ మూయడం, ఆ తర్వాతే పనిచేసే మనుషులు. గుంత పూడ్చే కూలీకి ఇంత రక్షణ కాగితం మీదైనా ఉంది. అదే రోడ్డు మీద నిలబడే పోలీసుకి రెండు స్టాపర్ బోర్డులు. వాటిని కూడా జిగ్‌జాగ్‌గా అడ్డం పెడతారు, మెరిసే స్టిక్కర్ ఊడిపోయి ఉంటుంది, స్పాన్సర్ చేసిన బట్టల షాపు పేరు మాత్రం చక్కగా కనబడుతుంది.

లారీబాబాయ్:
ఆ స్టాపర్లు గుద్దుకుని పడ్డ బైకు వాళ్లని నేనే లేపాను.

గట్టుమీదోడు:
సరే, ఊదించడానికి మనిషి కావాలి. అది నేను కాదనడం లేదు. కానీ ఎక్కడ? హైవే మీద ఈతకోట, ఉంగుటూరు టోల్ ప్లాజాలు ఉన్నాయి. అక్కడ ఎలాగూ బండి నెమ్మదిస్తుంది, పట్టపగల్లా లైట్లు, పక్కకి తీసుకోవడానికి చోటు ఉంది. లోపలి రోడ్లలో అయితే కాలువ లాకుల దగ్గర, ఊరి సెంటర్లో, స్పీడు బ్రేకర్ దాటాక. అంతే. ఊరికీ ఊరికీ మధ్య చీకట్లో ఒక్క తనిఖీ కూడా వద్దు. కాగితాల కోసమైతే అసలే వద్దు. డిజిలాకర్‌లో ఉన్నవి చెల్లుతాయి కదా, నెంబరు కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. దానికోసం లారీని చీకట్లో నిలబెట్టడం ఏంటి?

ఖాకీ ఇల్లు:
తాగినవాడు టోల్ ప్లాజా మీదుగా వస్తాడా గట్టుమీదోడు గారూ? గట్టు దారి పట్టుకునేదే తాగినవాళ్లు. కాలువలోకి పోయేదీ వాళ్లే.

గట్టుమీదోడు:
అందుకే లాకుల దగ్గర అన్నాను. లాకులు దాటకుండా గట్టు మీద ఎంత దూరం పోగలడు?

రొయ్యలచెరువు:
మీ లాకులకి మా పక్కన మూడు అడ్డదారులు ఉన్నాయి. పైగా మీరంతా బోర్డు ముందే పెట్టాలంటున్నారు. బోర్డు పెట్టిన నిమిషంలో వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది. ఇంక దొరికేదెవరు?

క్యాజువాల్టీనైట్:
ఫొటో చూసి బండి అక్కడే పెట్టేసి ఆటో ఎక్కితే చాలండీ. కేసు ఎవరికి కావాలి?

వకీలుగుమాస్తా:
సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఒకటి రాస్తాను. రాత్రి తనిఖీ వెలుగున్న చోటే పెట్టాలని, జీపు ముందుండాలని, నిలబడే ప్రతి మనిషికీ, హోంగార్డుతో సహా, మెరిసే పట్టీ ఉన్న కొత్త జాకెట్ ఇవ్వాలని, చోటు ఎంపిక చేసిన అధికారి పేరు రిజిస్టర్లో రాయాలని. గట్టు రోడ్ల మాట మీరు తేల్చుకుంటే అది కూడా చేరుస్తాను. 2027 పుష్కరాలకి ఎలాగూ రోడ్ల మీద ఏర్పాట్లు చేస్తారు, ఇప్పుడు అడిగితేనే వింటారు.

లారీబాబాయ్:
లోడు లారీని తెల్లగీత లోపల ఆపించకూడదని కూడా రాయండి వకీలు గారూ. ఆపేముందు మార్జిన్ ఉందో లేదో చూసుకోమనండి. గట్టు రోడ్డు మీద లారీని ఆపడం ఏ టైములోనూ వద్దు, మా బరువుకి గట్టు అంచు జారుతుంది.

ఖాకీ ఇల్లు:
రిజిస్టర్లో అధికారి పేరు అన్నది మొదటి లైనులో పెట్టండి. మిగతావి వాటంతటవే వస్తాయని నాన్నగారు అంటున్నారు. గట్టు మీద లారీలు ఆపొద్దంటే ఒప్పుకున్నారు, బైకులు ఆపొద్దంటే మాత్రం ఒప్పుకోలేదు.

గట్టుమీదోడు:
గట్టు మీద బైకులు ఆపుతామంటే నేనూ ఒప్పుకోను. లాకుల దగ్గరే అని రాయండి, లేకపోతే నా సంతకం ఉండదు.