హద్దు దాటిన బట్టమేకపిట్టకు చట్టరక్షణ ఎంతవరకు?

వన్యప్రాణి చట్టాలు తెలిసినవారు దయచేసి నా సందేహం తీర్చగలరు. మా నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కనుమరుగైందన్న బాధతోనే మొన్న శీతాకాలం రాజస్థాన్‌లోని జైసల్మేర్ వెళ్లాను. 1980లో ప్రకటించిన, 3,162 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతాన్ని డెసర్ట్ నేషనల్ పార్క్ అని పిలుస్తున్నా, చట్టం దృష్టిలో అది అభయారణ్యమే. లోపల ఊళ్లున్నాయి, మేకలు మేస్తున్నాయి, అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. నన్ను కలచివేసినవి కరెంటు తీగలు. ఆ పార్కులోని సుదాసరి దగ్గర సేవణ్ గడ్డిలోంచి లేచిన ఒక పిట్ట, బరువైన ఒంటితో తక్కువ ఎత్తులోనే కంచె దాటి తీగలవైపు సాగిపోయింది. ఎదుటి చూపు సన్నగా ఉండే ఆ పక్షి, తీగ దగ్గరపడ్డాక చప్పున పక్కకు తిరగజాలదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 29వ సెక్షన్ అభయారణ్యం లోపలి ఆవాసాన్ని కాపాడుతుంది. మరి బయటి నేల సంగతేమిటి? తీగలను భూమిలో వేయాలన్న 2021 ఏప్రిల్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2024 మార్చిలో సవరించి, విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది గనుక, హద్దును ఆనుకున్న ప్రభుత్వ భూములను, ముఖ్యంగా గ్రామస్థులు దేవుడి పేర కాపాడుకుంటున్న ఓరణ్‌లను, అదే చట్టంలోని 36ఏ సెక్షన్ కింద కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే ప్రాంతంగా, ప్రకటించాలని వేరే రాష్ట్రానికి చెందిన పౌరుడు కోరవచ్చా? అర్జీ ఎవరికి పెట్టుకోవాలి, ఏయే పత్రాలు జతచేయాలి?