గేలిక్ ఫుట్‌బాల్‌లో రెండు పాయింట్ల కిక్కు: ఉంచాలా, తీసేయాలా?

డబ్లిన్ శ్రీను:
ఐర్లాండ్ కౌంటీ జట్లు ఆడే గేలిక్ ఫుట్‌బాల్ పోటీ, 2025 ఆల్ ఐర్లాండ్ ఫైనల్, జూలై 27న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో జరిగింది. కెర్రీ 1-26, డొనెగాల్ 0-19. కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక మాట: వలలోకి కొడితే గోల్, మూడు పాయింట్లు. బారు మీదుగా, రెండు నిలువు కర్రల మధ్య నుంచి పంపితే ఒక పాయింటు. స్కోరులో ముందు అంకె గోల్స్, తర్వాతిది పాయింట్లు. అంటే లెక్క 29-19. ఆ సీజన్ నుంచే 40 మీటర్ల వంపు గీతకు బయటి నుంచి కొడితే రెండు పాయింట్లు ఇస్తున్నారు. అంపైర్ తెల్ల జెండాకు బదులు నారింజ జెండా ఎత్తుతాడు.

ఈ కిక్కు తీసేయాలని నా గట్టి అభిప్రాయం. హాఫ్‌టైమ్ హూటర్ మోగాక కెర్రీ ఆటగాడు డేవిడ్ క్లిఫర్డ్ దూరం నుంచి కొట్టిన బంతి గుర్తుందా? స్కోరు 0-17, 0-10 అయింది. డొనెగాల్ కుర్రాళ్లు తలలు దించుకుని లోపలికి వెళ్లారు. గోల్ దగ్గరిదాకా చెమటోడ్చి బంతి తెచ్చి కొట్టినవాడికి ఒకటి, దూరం నుంచి కొట్టినవాడికి రెండా? క్లిఫర్డ్ లాంటివాడు ఉన్న జట్టుకు ఇది వరం. లేనివాళ్ల సంగతేంటి?

లెటర్‌కెన్నీ రవి:
నేను ఉండేది డొనెగాల్‌లోనే. ఆ రోజు ఏడుపొచ్చినంత పనైంది. అయినా మీతో ఏకీభవించను శ్రీను గారూ. ఫైనల్‌లో క్లిఫర్డ్ కొట్టిన రెండేసి పాయింట్ల కిక్కులు మూడు. వాటిని ఒకటి చొప్పున లెక్కేసినా కెర్రీ ఏడు పాయింట్ల తేడాతో గెలిచేది. మేం ఓడింది నడి మైదానంలో. మా కీపర్ ఆట మళ్లీ మొదలుపెట్టడానికి గోల్ దగ్గర నుంచి కొట్టిన కిక్ అవుట్లు వాళ్ల చేతికి చిక్కుతుంటే ఏ రూలు మాత్రం కాపాడుతుంది?

2024 ఫైనల్ తలుచుకోండి. ఆర్మా 1-11, గాల్వే 0-13. రెండు జట్లవీ కలిపినా 27 పాయింట్లే. ఈసారి కెర్రీ ఒక్కటే 29 కొట్టింది. అంతకుముందు పదిహేను మందీ వెనక్కి వచ్చి గోడ కట్టి నిలబడేవాళ్లు. అవతలివాళ్లు బంతిని చేతులతో పక్కకీ వెనక్కీ అందించుకుంటూ నిమిషాలు గడిపేవాళ్లు. మా అబ్బాయి మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు లేవడం లేదు.

డబ్లిన్ శ్రీను:
రవి గారూ, గోడ కూలింది ఇంకో రూలు వల్ల. ప్రతి జట్టూ ముగ్గురిని ఎప్పుడూ అవతలి సగంలో ఉంచాలి. క్రికెట్‌లో పవర్‌ప్లే అప్పుడు ఫీల్డర్లను కట్టడి చేసినట్టే. ఈ కొత్త రూల్స్ తెచ్చిన జిమ్ గావిన్ కమిటీ చేసిన పనుల్లో అది ఆణిముత్యం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ క్వార్టర్ ఫైనల్ చూడండి. డిఫెండింగ్ ఛాంపియన్ ఆర్మా ఒక్క పాయింటూ చేయకుండా ఉండగా కెర్రీ వరసగా 14 కొట్టింది. కిక్ అవుట్ ఎలాగూ వంపు గీత దాటాల్సిందే, పక్కనున్నవాడికి చిన్నగా ఇచ్చి ఊపిరి పీల్చుకునే వీల్లేదు. దానికి తోడు ఒక్కో దెబ్బకు రెండేసి పాయింట్లు పోతుంటే జట్టు తేరుకునేదెప్పుడు? గాలి సంగతి వేరే చెప్పాలా? వీపున గాలి ఉన్న సగంలో గీత బయటి నుంచి కొట్టడం తేలికవుతుంది.

కార్క్ పద్మ:
తేరుకోవడానికి కూడా అదే దారి కదండీ? ఎనిమిది పాయింట్లు వెనకబడ్డ జట్టుకు ఇదివరకు గోల్ తప్ప గతి లేదు. ఇప్పుడు నాలుగు కిక్కులు చాలు. పైగా గీత బయట ఒకణ్ణి కాపలా పెట్టాల్సి వస్తుంది కాబట్టి గోల్ ముందు ఖాళీ దొరుకుతుంది. గోడను రెండో వైపు నుంచి లాగింది ఈ కిక్కే.

పెద్ద జట్లకే వరం అన్నట్టు మాట్లాడారు. మరి ఆ సీజన్‌లోనే 1957 తర్వాత మొదటిసారి చిన్న కౌంటీ లౌత్ తూర్పు ఐర్లాండ్ ప్రాంతపు లెన్‌స్టర్ కప్పు గెలిచింది. మీత్ జట్టు డబ్లిన్‌ను ఓడించింది, గ్రూప్ దశలో కెర్రీని తొమ్మిది పాయింట్లతో చిత్తు చేసింది, గాల్వేను ఇంటికి పంపింది. ఇక్కడ జీతాలిచ్చి ఆటగాళ్లను కొనుక్కోవడం లేదు, దాదాపుగా సొంత కౌంటీ పిల్లలే ఆడతారు. చిన్న జట్టులో దూరం నుంచి కొట్టగల కుర్రాడు ఒక్కడు పుట్టినా ఇప్పుడు వాడికి విలువ రెట్టింపు. లౌత్ గెలిచిన రోజు మా ఆఫీసులో ఆ కౌంటీ పెద్దాయన ఒకరు నోట మాట రాక కుర్చీలో అలా కూర్చుండిపోయారు. నాకు ఆయన ముఖమే గుర్తుంది.

డబ్లిన్ శ్రీను:
పద్మగారూ, ఖాళీ దొరుకుతుందన్న మాట ఒప్పుకుంటున్నాను. అలా ఆలోచించలేదు. అయితే ఒక సవరణ కావాలి. ఆడుతూ ఆడుతూ కొడితేనే రెండు, ఫ్రీ కిక్‌కు ఒకటే ఉండాలి. ఎవరూ అడ్డు రాకుండా, బంతి నేల మీద పెట్టుకుని నింపాదిగా కొట్టేదానికి రెండెందుకు? డిఫెండర్‌కు తగిలి బంతి వెనక గీత దాటితే దొరికే 45 మీటర్ల కిక్‌కు ఒకటే ఇస్తున్నారుగా!

లెటర్‌కెన్నీ రవి:
అప్పుడు గీత బయట కొట్టబోయే ప్రతివాణ్ణీ చొక్కా పట్టి లాగేస్తారండీ. రెండు పోవాల్సిన చోట ఒకటే పోతే ఏ డిఫెండర్ ఊరుకుంటాడు?